సంచి నుండి తొట్టెలోకి: ఇంటి పగడపు ఆక్వేరియంలో పాటర్ ఏంజెల్ చేపను ప్రవేశపెట్టే విధానం

వరి పొలంలో యూరియా వేసే ముందు నీటిని తీసివేయాలని, బురద పదనులో చల్లి ఒకటి రెండు రోజుల తరువాత పలుచగా నీరు పెట్టాలని మనం రైతులకు ఏళ్ల తరబడి చెబుతున్నాము. కారణం విద్యార్థులకు తెలిసినదే. నిలువ నీటిలోని పాచి పగటివేళ బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడం వలన నీటి ఉదజని సూచిక పెరిగి, మధ్యాహ్నానికి 9 దాటుతుంది. అప్పుడు అమ్మోనియం అయాను అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. రైతుకు అది నత్రజని నష్టం. అదే సమీకరణం ఒక ప్లాస్టిక్ సంచిలో, ఒక గంట వ్యవధిలో, వేలెడంత చేప ప్రాణం తీయగలదన్న సంగతి కొన్నేళ్ల క్రితం అమెరికాలో మా తమ్ముని ఇంట చూసే వరకు నాకు తట్టలేదు.

మత్స్యశాస్త్రం నా విభాగం కాదు. అయినా ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఉన్నది. అక్కడ జరిగిన పొరపాటు చేపల పెంపకంలో పొరపాటు కన్నా ఎక్కువగా సలహాలో పొరపాటు. ఏ పరిస్థితికో పుట్టిన సిఫారసును మరో పరిస్థితికి యథాతథంగా వర్తింపజేస్తే ఏమవుతుందో విస్తరణ రంగంలో ఉన్నవారు గమనించదగిన ఉదాహరణ అది.

చేపను గురించి

పాటర్ ఏంజెల్ చేప శాస్త్రీయ నామం సెంట్రోపైజ్ పాటెరి. 1912లో జోర్డాన్, మెట్జ్ అనే శాస్త్రవేత్తలు దీనిని వర్ణించి, హొనొలులూలోని వైకీకి ఆక్వేరియం తొలి సంచాలకుడైన ఫ్రెడరిక్ పాటర్ పేరు పెట్టారు. హవాయి దీవులు, వాటికి దక్షిణాన ఉన్న జాన్‌స్టన్ పగడపు దీవి తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించదు. పూర్తిగా ఎదిగినా పది, పన్నెండు సెంటీమీటర్లకు మించదు. నారింజ ఎరుపు దేహంపై నీలి బూడిద రంగు గీతలు అలలవలె నిలువుగా సాగి, వెనుక భాగానికి వచ్చేసరికి ముదురు నీలంలో, నలుపులో కలిసిపోతాయి. వేళ్లవలె గుబురుగా పెరిగే పోరైటిస్ పగడాల సందులలో నివసిస్తూ, రాళ్లపై పెరిగే దారపు నాచును, దానిలో చిక్కుకొన్న సేంద్రియ మడ్డిని రోజంతా గీరి తింటుంది.

ఈ చేపలన్నీ తొలుత ఆడవిగానే ఎదుగుతాయి. ఒక మగ చేప, కొన్ని ఆడ చేపలు కలిసి ఒక చిన్న ఇలాకాను ఏర్పరచుకొంటాయి. మగ చేప చనిపోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారుతుంది. ఫిలిప్ లోబెల్ 1978లో పసిఫిక్ సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశీలన ప్రకారం ఇవి ముఖ్యంగా డిసెంబరు నుండి మే వరకు, పౌర్ణమికి ముందు వారంలో, సంధ్యవేళ గ్రుడ్లు పెడతాయి. తిథులను లెక్కించి విత్తే సమాజం నుండి వచ్చినవాడిని గనుక ఈ విషయం నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది.

దీనికి సుకుమారమైన చేప అన్న పేరు ఊరికే రాలేదు. నిరంతరం మేసే స్వభావం గల చేప రెండు మూడు రోజులు పస్తుంటే త్వరగా నీరసిస్తుంది. ఇలాకా కల చేప కొత్త చోట బెదిరి మేత ముట్టదు. పరాన్నజీవులను తొలగించే మందులలో ముఖ్యమైన రాగి లవణాలను ఈ ప్రజాతి చేపలు సరిగా తట్టుకోలేవు. వీటన్నిటికీ ముందు ప్రయాణమనే గండం ఉన్నది.

ఆ రోజు జరిగినది

మా తమ్మునికి మూడు వందల లీటర్ల పగడపు తొట్టె ఉన్నది. అతడు తెప్పించుకొన్నది సముద్రంలో పట్టిన చేప కాదు, హేచరీలో పుట్టిన నాలుగు సెంటీమీటర్ల పిల్ల. పెట్టె ఇంటికి చేరేసరికి చేప సంచిలో పడి ముప్పై గంటలు దాటింది. అమ్మినవారు పంపిన కాగితంపై సూచన ఇలా ఉన్నది: సంచి విప్పి, చేపను నీటితో సహా బక్కెట్‌లోకి వంచి, సన్నని గొట్టం ద్వారా తొట్టె నీటిని బొట్టుబొట్టుగా గంటన్నర పాటు కలపవలెను. మా తమ్ముడు అక్షరం తప్పకుండా పాటించాడు. అతనికి ప్రతిదీ పుస్తకంలో నమోదు చేసే అలవాటు ఉన్నది. సంచి విప్పినప్పుడు ఉదజని సూచిక 6.6, గంటన్నర తరువాత బక్కెట్‌లో నీరు రెట్టింపు అయినప్పుడు 7.9 అని వ్రాసుకొన్నాడు. చేపకు క్రమంగా అలవాటవుతున్నదని అతడు సంతోషించాడు. చేప మాత్రం అప్పటికే మొప్పలను వేగంగా కొట్టుకొంటూ బక్కెట్ అంచున పైకి తేలుతున్నది. తెల్లవారేసరికి చనిపోయింది.

ఉదయం బక్కెట్‌లో మిగిలిన నీటిని పరీక్షిస్తే మొత్తం అమ్మోనియా లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు వచ్చింది. నీరు రెట్టింపు అయినది కనుక సంచిలో అది 4 మిల్లీగ్రాముల వరకు ఉండి ఉండాలి. ఆ పుస్తకాన్ని, ఈ అంకెను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే నాకు వరి పొలం గుర్తుకు వచ్చింది.

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును విసర్జిస్తుంది. మూసిన సంచిలో రెండూ పేరుకొంటాయి. బొగ్గుపులుసు వాయువు వలన నీరు ఆమ్లతత్వం వైపు జరిగి ఉదజని సూచిక పడిపోతుంది. ఇది ఒక విధంగా చేపకు రక్ష. ఆ స్థితిలో అమ్మోనియాలో దాదాపు మొత్తం అమ్మోనియం అయాను రూపంలో ఉంటుంది. అయాను మొప్పల పొరను సులభంగా దాటలేదు. అయనీకరణం చెందని అమ్మోనియా దాటగలదు, విషం అదే. సంచి విప్పిన క్షణం నుండి బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. దానికి తోడు 8.2 సూచిక గల తొట్టె నీరు బొట్టుబొట్టుగా చేరుతుంది. ఉదజని సూచిక ఒక ప్రమాణం పెరిగితే విషపు భాగం సుమారు పది రెట్లవుతుంది.

మా తమ్ముని అంకెలకే లెక్క కట్టి చూద్దాం. సముద్రపు నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, 6.6 సూచికలో మొత్తం అమ్మోనియాలో విషపు భాగం ఇంచుమించు 0.2 శాతం. 4 మిల్లీగ్రాములలో అది 0.008 మిల్లీగ్రాములు. 7.9 వద్ద ఆ భాగం 4 శాతానికి కొద్దిగా తక్కువ. నీరు కలిసి మొత్తం అమ్మోనియా 2 మిల్లీగ్రాములకు తగ్గినప్పటికీ విషపు భాగం 0.075 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పలుచన చేసినందువలన విషం సగమైందని అతడు అనుకొన్నాడు. నిజానికి అది తొమ్మిది రెట్లు పెరిగింది. ఆ నీటిలో చేపను గంటన్నర ఉంచాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక చేప మరణం ప్రయోగం కాదు. పునరావృతాలు లేవు, పోల్చి చూసే మడి లేదు. ఆ పిల్ల ప్రయాణపు ఒత్తిడితోనే చనిపోయి ఉండవచ్చునని ఎవరైనా వాదిస్తే నేను కాదనలేను. అయితే రసాయన శాస్త్రం వైపు సందేహం లేదు. దూరం నుండి వచ్చిన సంచిని విప్పి బొట్టుబొట్టుగా నీరు కలపడం, నిదానం పేరిట చేపను విషంలో నానబెట్టడమే.

మరి ఆ సిఫారసు ఎక్కడ నుండి పుట్టింది? దగ్గరి దుకాణంలో కొని అరగంటలో ఇంటికి తెచ్చిన చేపకు అది సరిపోతుంది. సంచిలో అమ్మోనియా పేరుకొనే వ్యవధి లేదు. నీటిలోని తేడాలను నెమ్మదిగా సరిచేయడమే అక్కడ పని. విమానంలో, కొరియర్ పెట్టెలో ఒకటిన్నర రోజు ప్రయాణించే చేపలు వచ్చాక కూడా పాత కాగితమే కొత్త పెట్టెలో చేరింది.

లవణీయత సంగతి

నెమ్మదిగా కలపడాన్ని సమర్థించేవారు ముఖ్యంగా చూపే కారణం లవణీయత. ఆ ఆందోళన సరైనదే. పగడపు తొట్టెలో లవణీయత 35 పీపీటీ, అనగా కిలో నీటికి 35 గ్రాముల లవణాలు. సముద్రపు చేప రక్తంలో లవణాల గాఢత ఆ నీటిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. చౌడు నేలలో వేరు నీటిని తీసుకోలేక మొక్క వాడినట్లు, ఈ చేప దేహం నుండి నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. అందుకే అది సముద్రపు నీటినే త్రాగి, అదనపు లవణాలను మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా వెలుపలికి నెడుతుంది. వ్యాపారులు తరచుగా చేపలను తక్కువ లవణీయత గల నీటిలో ఉంచి పంపుతారు. లవణీయత తగ్గడాన్ని చేప తేలికగా భరిస్తుంది. హఠాత్తుగా పెరగడాన్ని భరించలేదు. 29 నుండి 35కు ఒక్క గంటలో మార్చడం కూడా హఠాత్తు క్రిందికే వస్తుంది. కాబట్టి బొట్టుబొట్టు విధానం ఈ సమస్యను సైతం నిజంగా పరిష్కరించదు.

పరిష్కారం తిరగవేసి ఆలోచించడంలో ఉన్నది. చేపను నీటికి అలవాటు చేయడానికి బదులు నీటిని ముందుగా చేపకు తగినట్లు సిద్ధం చేయాలి. మన కోస్తా జిల్లాల రొయ్య రైతులకు ఇది కొత్త కాదు. చెరువు నీటి లవణీయత ఎంతో ముందుగా చెబితే హేచరీవారు సీడును ఆ స్థాయికి తెచ్చి, ఆ తరువాతనే సంచులలో నింపుతారు. రొయ్య విషయంలో హేచరీ సర్దుబాటు చేస్తుంది. ఏంజెల్ చేప విషయంలో కొనుగోలుదారు విడి తొట్టెను సర్దుబాటు చేయాలి. పంపేవారిని సంచి నీటి లవణీయత అడిగి, విడి తొట్టెను ఆ అంకెకే తెచ్చి ఉంచితే సంచి విప్పిన వెంటనే చేపను మార్చవచ్చు. తరువాత రోజుకు ఒకటి రెండు పీపీటీల చొప్పున పెంచుకొంటూ పోతే వారం లోపల 35కు చేరుతుంది. బొగ్గుపులుసు వాయువు వలన తగ్గిన ఉదజని సూచిక నుండి మామూలు సముద్రపు నీటికి మారడాన్ని చేప సాధారణంగా తట్టుకొంటుంది. అమ్మోనియా, లవణీయతలే అసలు శత్రువులు.

రెండవ చేప

కొన్ని నెలల తరువాత మా తమ్ముడు మరో పిల్లను తెప్పించాడు. అప్పటికి నేను తిరిగి వచ్చేశాను. "అన్నయ్యా, సంచి నీళ్లు ఇరవై తొమ్మిదట. తొట్టె కూడా ఇరవై తొమ్మిదికి తెచ్చాను. ఇంక విప్పనా?" అని ఫోనులో అడిగాడు. ముందు ఉష్ణోగ్రత చూడమన్నాను. సంచిని విప్పకుండా, మసక వెలుతురులో, విడి తొట్టె నీటిపై ఇరవై నిమిషాలు తేలనిచ్చాడు. ఆ తరువాత విప్పి, లవణీయతను మరొకసారి సరిచూసి, చేపను చిన్న గిన్నెతో ఎత్తి, సంచి నీటిని పారబోసి, తొట్టెలో వదిలాడు. విప్పిన తరువాత పట్టిన సమయం మూడు నిమిషాలు. వల వాడవద్దని ముందే చెప్పుకొన్నాము. ఏంజెల్ చేపల కుటుంబమంతటికీ చెంప అడుగున వెనుకకు వంగిన ముల్లు ఉంటుంది. అది వలలో చిక్కితే విడదీసే ప్రయత్నంలోనే చేపకు గాయమవుతుంది.

విడి తొట్టె అనగా ఏదో ఒక గాజు పెట్టె కాదు. నలభై లీటర్ల తొట్టె, దానిలో కొన్ని వారాల ముందు నుండే పెద్ద తొట్టెలో ఉంచి బాక్టీరియా పట్టించిన స్పాంజి ఫిల్టర్, దాగడానికి ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు, 25 డిగ్రీల ఉష్ణోగ్రత. మన నేలలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఏ పని చేస్తుందో స్పాంజిలోని బాక్టీరియా ఆ పనే చేస్తుంది. కొత్త స్పాంజి పెడితే సంచిలోని సమస్య నాలుగు రోజులలో తొట్టెలో పునరావృతమవుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. సంచిని దాటించిన చేపను విడి తొట్టెలో పోగొట్టుకొని, విడి తొట్టె విధానమే దండగని తేల్చుకొంటారు.

నిదానం అవసరమైనది ఇక్కడి నుండి. సముద్రపు చేపలకు తెల్లమచ్చల వ్యాధిని కలిగించే క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి చేప చర్మంపై కొన్ని రోజులు బ్రతికి, రాలిపడి, అడుగున గట్టి పొర కట్టుకొని విభజన చెందుతుంది. ఆ పొర పగిలి వచ్చిన పిల్లజీవులు మళ్లీ చేపను వెదుక్కొంటాయి. పగడపు తొట్టెలో ఒకసారి ప్రవేశిస్తే చేపలన్నిటినీ తీసివేసి తొట్టెను పది వారాలకు పైగా ఖాళీగా ఉంచడం తప్ప నమ్మదగిన మార్గం లేదు. రాగి వాడరాదా అని ప్రశ్న వస్తుంది. బోర్డో మిశ్రమంలో మనం వాడే మైలుతుత్తమే ఇక్కడ కూడా మందు. కాని పగడాలకు, గుల్లలకు, రొయ్యలకు అది ప్రాణాంతకం. రాళ్లలో ఇంకిన రాగి చాలాకాలం తిరిగి ఊరుతూనే ఉంటుంది. విడి తొట్టెలో వాడవచ్చు గాని మోతాదుకు, విషానికి మధ్య ఎడం స్వల్పం. పాటర్ ఏంజెల్ వంటి చేపకు ఆ ఎడం ఇంకా స్వల్పం.

అందువలన మా తమ్ముడు మందు లేని మార్గం ఎంచుకొన్నాడు. రెండు తొట్టెలు పెట్టుకొని, ప్రతి మూడు రోజులకు చేపను ఒకదాని నుండి మరొకదానికి మార్చి, ఖాళీ అయిన దానిని కడిగి పూర్తిగా ఆరబెట్టడం. ఇలా నాలుగు మార్పులు, పన్నెండు రోజులు. రాలిపడిన పరాన్నజీవి పిల్లలు పెట్టే సమయానికి అక్కడ చేప ఉండదు. ఆశ్రయమిచ్చే పంటను తప్పించి తెగులును ఎండగట్టే పంట మార్పిడి సూత్రమే ఇది. లవణీయత పెంపును కూడా ఈ మార్పులతోనే కలిపి పూర్తిచేశాడు. మూడు రోజులకు ఒకసారి నీరంతా కొత్తది కావడం వలన అమ్మోనియా కూడా అదుపులో ఉన్నది. మొప్పల పురుగులకు ప్రాజిక్వాంటెల్ రెండు సార్లు వాడాడు. ఆ తరువాత నాలుగు వారాలు పరిశీలన.

ఆ నాలుగు వారాలలో అసలు పని మేత. తొలి రెండు రోజులు పిల్ల ఏమీ ముట్టలేదు. పెద్ద తొట్టె నుండి నాచు పట్టిన చిన్న రాయి తెచ్చి పెడితే మూడవ రోజు దానిని గీరడం మొదలుపెట్టింది. తరువాత ఎండిన సముద్రపు నాచు, స్పైరులినా కలిసిన మేత, ఘనీభవింపజేసిన మైసిస్ రొయ్య పిల్లలు రోజుకు నాలుగుసార్లు కొద్ది కొద్దిగా వేశాడు. మేత అలవాటు పడని చేపను పగడపు తొట్టెలో వదలరాదు. అక్కడ ఇతర చేపలతో పోటీపడి తినే శక్తి దానికి ఉండదు.

పగడపు తొట్టె వైపు చేయవలసినది తక్కువే గాని ముందే చేయాలి. తొట్టె కనీసం ఆరేడు నెలలది అయి, రాళ్లపై సహజంగా నాచు పెరుగుతూ ఉండాలి. మచ్చలేకుండా తోమిన తొట్టె ఈ చేపకు పచ్చిక లేని బీడు. దూకుడు స్వభావం గల సర్జన్ చేపలు ఇంకా రాకముందే ఏంజెల్ చేపను చేర్చడం మంచిది. అదే ప్రజాతి చేప మరొకటి ఉంటే చేర్చకపోవడమే మంచిది. మా తమ్ముని తొట్టెలో అప్పటికే పసుపు సర్జన్ చేప ఉన్నది కనుక రంధ్రాలు గల పారదర్శకపు పెట్టెలో పిల్లను ఉంచి, ఆ పెట్టెను తొట్టెలో నాలుగు రోజులు వేలాడదీశాడు. తొలి రోజు సర్జన్ చేప పెట్టెపై తోక విసిరింది. మూడవ రోజుకు పట్టించుకోవడం మానింది. నాల్గవ రాత్రి దీపాలు ఆర్పిన తరువాత పెట్టె తలుపు తీశాడు.

పిల్ల ఎక్కడిది?

ఈ చేప హేచరీ నుండి రావడం వెనుక సుదీర్ఘ శ్రమ ఉన్నది. సెంట్రోపైజ్ గ్రుడ్డు మిల్లీమీటరు కన్నా చిన్నది. ఒక్క రోజు లోపల పొదిగి వచ్చే డింభకం నోటికి, చేపల హేచరీలలో సాధారణంగా వాడే రోటిఫర్లు సైతం పెద్దవే. అతి చిన్న కోపిపాడ్ల పిల్లలను మేతగా ఇవ్వడం ద్వారా ఫ్రాంక్ బెన్ష్ 2000 దశకం తొలి సంవత్సరాలలో హవాయిలోనే ఈ ప్రజాతికి చెందిన పలు జాతులను పెంచగలిగారు. 2017లో హవాయి సుప్రీంకోర్టు పర్యావరణ ప్రభావ పరిశీలన లేకుండా ఆక్వేరియం చేపల వేటకు అనుమతులు ఇవ్వడం చెల్లదని తీర్పు ఇచ్చిన తరువాత హేచరీ పిల్లల ప్రాధాన్యం మరింత పెరిగింది. డింభక దశ దాదాపు రెండు నెలలు. అంత కాలం క్షణక్షణం కనిపెట్టి పెంచిన పిల్లను బక్కెట్‌లో గంటన్నరలో పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

మన దేశంలో ఈ అభిరుచి గలవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దిబ్బలను నిర్మించే పగడాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రంలోని పగడాలను సేకరించడం, అమ్మడం నేరం. లక్షద్వీప్, అండమాన్ జలాలలో సెంట్రోపైజ్ మల్టిస్పైనిస్ అనే గోధుమ రంగు బంధువు ఉన్నది. అలంకరణ చేపలలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో క్లౌన్, డామ్సెల్ జాతుల ఉత్పత్తి విధానాలను రూపొందించింది. ఆ హేచరీ చేపలు హైదరాబాదుకో విశాఖకో సంచిలో ప్రయాణించినప్పుడు వర్తించేది పైన చెప్పిన అమ్మోనియా లెక్కే. ఆ సంచులతో పంపే సూచనల కాగితాన్ని తయారు చేసేవారు ప్రయాణ వ్యవధిని, సంచి నీటి లవణీయతను దానిపై ముద్రిస్తే చాలు, సగం పని పూర్తవుతుంది.

రెండవ పిల్ల ఇప్పుడు ఎనిమిది సెంటీమీటర్లు ఉన్నదట. పగలంతా రాళ్ల వెంట తిరుగుతూ నాచు గీరుతుంది. అప్పుడప్పుడు ఒక మెదడు పగడపు అంచును కూడా కొరుకుతుంది. ఈ ప్రజాతి చేపలు కండగల పగడాలను రుచి చూస్తాయన్న మాట వాస్తవమే. మా తమ్ముడు ఆ పగడాన్ని తీసి స్నేహితుని తొట్టెకు ఇచ్చివేశాడు.